నీళ్లు పోస్తే సిద్ధమయ్యే భోజనం: నాలుగు రోజుల కొండ నడకకు ఇంట్లో ఏమేమి చేసుకోవచ్చు?

కావలి_బాటసారి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేనూ నా ఇద్దరు మిత్రులూ అక్టోబరు మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని హర్-కీ-దూన్ లోయకు నడిచి వెళ్లబోతున్నాము. దారి చూపడానికి స్థానిక గైడు ఒకరు వెంట వస్తారు కాని వంటవారు, గుర్రాలు ఉండవు. నాలుగు రోజుల తిండి మా వీపుల మీదనే మోసుకుపోవాలి. ఆ లోయ గోవింద్ జాతీయ ఉద్యానవనం పరిధిలోనిది కనుక కట్టెలు ఏరి పొయ్యి పెట్టే ఉద్దేశం మాకు లేదు. చిన్న గ్యాసు పొయ్యి మీద నీళ్లు మరిగించి, ఆ నీళ్లు పోసి మూత పెడితే తయారయ్యే భోజనమే కావాలి.

దుకాణాల్లో దొరికే పొట్లాలు రెండు రకాలు చూశాను. ఒక రకంలో కూర, అన్నం తడిగానే ఉంటాయి, పొట్లం ఒక్కొక్కటి పావు కిలోకు పైగా తూగుతుంది. రెండో రకం తేలికగానే ఉంది కాని ముగ్గురికి నాలుగు రోజులకు కొనాలంటే మా శక్తికి మించిన పని. పైగా ఆ రుచులు మావి కావు. మాలో ఒకరు శాకాహారి, మరొకరికి నీచు లేకపోతే ముద్ద దిగదు, నాకేమో చివర పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టు ఉండదు.

అటుకులు తప్ప మన వంటింట్లో నుంచి ఇంకేమి తీసుకువెళ్లవచ్చు? అన్నం, పప్పు ఎండబెట్టుకోవడం సాధ్యమేనా? రెండు రోజుల రైలు ప్రయాణాన్ని కూడా తట్టుకోవాలి. రోజుకు మనిషికి ఎంత బరువు లెక్క వేసుకోవాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు_వంటిల్లు:

నాయనా, ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. నీళ్లు పోయగానే తినగలిగేది ఏదైనా సరే, అది ఇంటి దగ్గరే ఒకసారి ఉడికి ఉండాలి. అటుకులు నానగానే తినడానికి వీలవుతున్నాయంటే, వడ్లను వేడినీళ్లలో నానబెట్టి, వేయించి, ఆ తరువాతే దంచుతారు కాబట్టి. తొలి ఏకాదశికి మనం చేసుకునే పేలాల పిండి కూడా అంతే. జొన్నలు పేలినప్పుడే ఉడికినట్టు లెక్క, ఇక బెల్లం కలిపి చన్నీళ్లతో తడిపినా కడుపులో ఇబ్బంది పెట్టదు. ఈ లెక్కన చూసుకుంటూ పోతే మన వంటింట్లో కొండకు పనికివచ్చేవి చాలానే కనిపిస్తాయి.

ఉప్మా సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది రవ్వను వేయించి, తాలింపు కలిపి పొట్లం కట్టేస్తారు. మన ఊళ్లో సలసల కాగే నీళ్లు పోస్తే అది బాగానే వస్తుంది కాని, మీరు వెళ్లే ఎత్తులో పలుకు మిగిలిపోతుంది. అందువల్ల బొంబాయి రవ్వను ముందు నీళ్లు చిలకరించి, చేత్తో పొడిపొడిగా కలిపి, ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ పరిచి పది పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టించండి. దించగానే వేళ్లతో ఉండలు చిదిపి, పళ్లెంలో పలుచగా ఆరబెట్టి, పూర్తిగా ఎండిన తరువాత సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. తాలింపుకు ఒక చెంచా నూనె చాలు. కరివేపాకు వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. మెత్తగా వంగిందంటే దానిలో ఇంకా తడి ఉన్నట్టు, ఆ తడే పొట్లమంతా పాడుచేస్తుంది. పచ్చి అల్లానికి బదులు శొంఠి, పచ్చిమిర్చికి బదులు ఎండుమిర్చి వేసుకోవాలి. ఉల్లిపాయ కావాలంటే సన్నగా తరిగి విడిగా ఎండబెట్టి కలపాలి. తినేటప్పుడు రవ్వకు రెండున్నర రెట్లు మరిగే నీళ్లు పోసి, మూత బిగించి, గిన్నెను తువ్వాలుతో చుట్టి పావుగంట వదిలేయండి.

రాగి జావ జోలికి మాత్రం వెళ్లవద్దు. రాగి పిండి ఎంత వేయించినా పొయ్యి మీద కలియబెడుతూ ఉడికించనిదే సరిగా కాదు, మీకు గ్యాసు దండగ. ఆ స్థానంలో పుట్నాల పప్పు పొడి, పాల పొడి, బెల్లం తురుము కలిపి పెట్టుకుంటే ఉదయం పూట గోరువెచ్చని నీళ్లు చాలు.

పొదలకూరు_నిమ్మతోట:

అక్కగారు చెప్పిన మూలసూత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మీరు చూసిన మొదటి రకం పొట్లాలు గాలి చొరకుండా మూసిన తరువాత ఆవిరి ఒత్తిడి మీద క్రిములను చంపినవి. మైసూరులో 1961లో ఏర్పడిన రక్షణ ఆహార పరిశోధనాశాల సైనికుల కోసం అభివృద్ధి చేసిన తయారు భోజనాల్లో ఇటువంటివి ఉన్నాయి. ఏళ్ల తరబడి సరిహద్దుల్లో ఉండేవారికి అవి ఎంతో మేలు చేశాయి కాని, వాటిలో నీరు అలాగే ఉంటుంది కనుక మోసేవాడికి బరువు తప్పదు. రెండో రకంలో ఆహారాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఆ మంచును నేరుగా ఆవిరిగా మారుస్తారు. ఆ యంత్రం ఇంట్లో పెట్టుకోగలిగేది కాదు. మనకు మిగిలిన దారి వేడిగాలిలో ఎండబెట్టడమే, అది ధారాళంగా సాధ్యమే.

అన్నం విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తు రూపంలో ఉడుకును కూడా తట్టుకుంటుంది. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అది పెరిగి విషం తయారుచేస్తుంది, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందువల్ల వండిన అన్నాన్ని వెంటనే చన్నీళ్లతో ఒకసారి జాడించి, నీరు వాడ్చి, మెతుకు మీద మెతుకు పడకుండా పళ్లేలలో పరిచి, 60 డిగ్రీల వేడిగాలి వచ్చే డ్రయ్యరులో కాని, ఫ్యాను ఉన్న ఓవెనులో తలుపు కొద్దిగా తెరిచి కాని ఎండబెట్టాలి. మెతుకు పళ్ల కింద టక్కున విరగాలి. రోహిణి కార్తెలో మన డాబా మీద ఎండబెట్టడం ఒక తీరు, సెప్టెంబరులో మబ్బులూ సముద్రపు గాలి తేమా ఉన్న రోజుల్లో ఎండబెట్టడం మరొక తీరు. పగలు సగం ఎండి రాత్రి చెమ్మ పట్టిన అన్నాన్ని దయచేసి వాడకండి, పారవేయండి.

సన్నబియ్యమే తీసుకోండి. లావు గింజ లోపల నానడానికి చాలాసేపు పడుతుంది. వంద గ్రాముల బియ్యం వండితే రమారమి 280 గ్రాముల అన్నమవుతుంది, ఎండిన తరువాత మళ్లీ వంద గ్రాముల దగ్గరికే వస్తుంది; మోయవలసిన బరువు ఎంత తగ్గిందో మీరే చూడండి.

పప్పుకు ఇంతకన్నా తేలికైన పద్ధతి ఉంది. కందిపప్పును టమాటా, పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి, నూనె చుక్క కూడా వేయకుండా మెదిపి, మామిడి తాండ్ర పోసినట్టు పలుచగా పోసి డ్రయ్యరులో ఆరబెట్టండి. పెళుసుగా విరిగిన తరువాత మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే చాలు. దానిలో మునగాకు పొడి ఒక చెంచా కలిపితే నాలుగు రోజులు ఆకుకూర లేని లోటు కొంత తీరుతుంది. చింతపండు గుజ్జును కూడా ఇలాగే ఎండబెట్టి, చారు పొడితో కలిపి ఉంచుకుంటే సాయంత్రం గుడారం వేసుకోగానే వేడినీళ్లలో కలుపుకుని తాగవచ్చు. చలిలో అలసిన శరీరానికి అది చేసే మేలు ఇంకేదీ చేయదు. నడకలో చెమటగా పోయిన ఉప్పు కూడా కొంత తిరిగి వస్తుంది.

అన్నీ ఎండిన తరువాత వెంటనే పొట్లాలు కట్టవద్దు. గాజు సీసాలో ముప్పాతిక వంతు నింపి, వారం రోజులపాటు రోజుకొకసారి కుదుపుతూ చూడండి. సీసా గోడల మీద చెమ్మ కనిపించినా, పొడి ఉండకట్టినా మళ్లీ ఎండబెట్టవలసిందే.

కందుకూరు_మాస్టారు:

బరువు లెక్క అడిగారు కనుక ఆ సంగతి చెబుతాను. బరువు మోస్తూ కొండ ఎక్కే మనిషికి రోజుకు 3,000 కేలరీల దగ్గర అవసరం ఉంటుంది. పిండి పదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకు నాలుగు కేలరీలు, కొవ్వు గ్రాముకు తొమ్మిది. ఉత్త అటుకులూ అన్నమూ మోసుకుపోతే కిలో దగ్గరికి వెళుతుంది, కొవ్వు తగినంత కలిస్తే 650 నుంచి 700 గ్రాములతో సరిపోతుంది. మరి పైన ఇద్దరూ నూనె తగ్గించమని ఎందుకు చెప్పారంటే, ఎండబెట్టిన పదార్థంలో నూనె ఉంటే అది సరిగా ఎండదు, నిలవలో ముక్కిపోయిన వాసన వేస్తుంది. కాబట్టి కొవ్వును విడిగా తీసుకువెళ్లాలి. చిన్న సీసాలో నువ్వుల నూనె పోసుకుని ప్రతి గిన్నెలో రెండు చెంచాలు కలుపుకోండి. నెయ్యి రుచే కాని, ఆ చలికి గడ్డకట్టి సీసాలో నుంచి రాదు. వెడల్పు మూతి డబ్బాలో అయితే పట్టుకెళ్లవచ్చు. వేరుశనగ గింజల్లో వంద గ్రాములకు 560 కేలరీలకు పైనే ఉంటాయి కనుక వేయించిన గింజలు, వేరుశనగ చిక్కీ జేబులోనే ఉండాలి. నడుస్తూ తినే తిండికి నీళ్లూ అక్కరలేదు, పొయ్యీ అక్కరలేదు.

ఎత్తు గురించి అక్కగారు సూచనగా చెప్పారు. ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. హర్-కీ-దూన్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. పచ్చి బియ్యం, పచ్చి పప్పు అక్కడ ఉడికించాలంటే గ్యాసంతా దానికే పోతుంది. ఎండబెట్టిన అన్నానికి కూడా పావుగంట కాదు, ఇరవై ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆ సమయంలో గిన్నె చల్లారిపోకుండా చూసుకోవడమే అసలు పని. వేడినీళ్లను పలుచని ప్లాస్టిక్ సంచుల్లో పోయడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, దానికి తగిన ఉన్ని టోపీ ఒకటి సరిపోతాయి. గ్యాసు డబ్బాలను రైలులో తీసుకువెళ్లడం నిషిద్ధం. డెహ్రాడూనులో దిగిన తరువాతే కొనుక్కోండి.

ఇక నీచు తినే మిత్రుడి సంగతి. మాంసం ఇంట్లో ఎండబెట్టే ప్రయోగం వద్దు, ఉప్పు చేప అసలే వద్దు, అది తాగే నీళ్లన్నీ పట్టేస్తుంది. తుమ్మలపెంట వైపు దొరికే ఎండు రొయ్యలు తెచ్చి, తలలూ కాళ్లూ గిల్లేసి, చేటలో చెరిగి ఇసుక పోగొట్టి, వట్టి మూకుడులో చిటపటలాడే వరకు వేయించండి. వేయించిన ఎండుమిర్చి, జీలకర్ర, ఎర్రగా వేగి గలగలలాడే వెల్లుల్లి రేకలతో కలిపి దంచితే రొయ్యల కారం సిద్ధమవుతుంది. ఒక చెంచా వేసుకుంటే గిన్నెడు అన్నం తినవచ్చు. అయితే ఆ వాసన శాకాహారి మిత్రుడి పొట్లాలకు పట్టకుండా రెండు డబ్బాల లోపల పెట్టండి. ఆ అడవుల్లో ఎలుగుబంట్లు ఉంటాయి కనుక రాత్రిపూట గుడారంలో తలగడ పక్కన తిండి ఏదీ ఉంచుకోకండి, ఇది మరింత ముఖ్యం.

కావలి_బాటసారి:

అక్కగారికి, మిగిలిన పెద్దలకు కృతజ్ఞతలు. ఆవిరి పట్టించిన రవ్వ, తాండ్రలా పోసిన పప్పు ఈ వారమే మొదలుపెడతాము. డ్రయ్యరు మా ఇంట్లో లేదు, తెలిసినవారి దగ్గర అడుగుతున్నాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. పెరుగన్నానికి ప్రత్యామ్నాయం ఏమైనా ఉందా? ఇవన్నీ వెళ్లేముందు ఒకసారి పరీక్షించాలంటే మన దగ్గర ఎక్కడ పరీక్షించవచ్చు?

ఒంగోలు_వంటిల్లు:

పెరుగన్నానికి సరిసాటి ఏదీ లేదు నాయనా, ఆ మాట ముందే చెప్పడం మంచిది. దుకాణాల్లో పెరుగు పొడి, మజ్జిగ పొడి దొరుకుతాయి. నానిన అన్నం గోరువెచ్చగా అయిన తరువాత చన్నీళ్లలో కలిపిన ఆ పొడిని పోసి, వేయించి తెచ్చుకున్న మజ్జిగ మిరపకాయ ఒకటి నలుపుకుంటే నోటికి ఓదార్పుగా ఉంటుంది. వేడి అన్నంలో నేరుగా పొడి వేస్తే ఉండలు కడుతుంది. పాల పొడిలో నిమ్మ ఉప్పు కలిపితే పెరుగవుతుందని కొందరు చెబుతారు, అది విరిగిన పాలే అవుతుంది.

పొదలకూరు_నిమ్మతోట:

పరీక్షకు ఉదయగిరి దుర్గం చాలు. తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టి, ఇంటి దగ్గర మరిగించిన నీళ్లను ఫ్లాస్కులో తీసుకువెళ్లండి. అడవిలో నిప్పు వెలిగించవలసిన పని ఉండదు, వెలిగించకూడదు కూడా. మధ్యాహ్నానికి ఆ నీళ్లు ఇంచుమించు మీకు లోయలో దొరికే వేడికి దిగివస్తాయి కనుక పరీక్ష న్యాయంగానే జరుగుతుంది. నిజంగా తీసుకువెళ్లే సంచులన్నీ వీపున వేసుకుని, ఒక్కొక్కరూ ఒక పూట భోజనం పూర్తిగా తిని చూడండి. మెతుకు మధ్యలో గట్టిగా తగిలితే అన్నం మళ్లీ ఎండబెట్టడానికి ఇంకా మెత్తగా వండుకోవాలి. ఉప్పు, కారం మాత్రం పొట్లంలో మీకు అలవాటైన దానికన్నా తక్కువగా వేసి, విడిగా చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి. ఎక్కువైతే అక్కడ తీసేయడం కుదరదు. ఖాళీ పొట్లాలన్నీ తిరిగి తెచ్చుకోవడానికి ఒక గట్టి సంచిని ఇప్పుడే పక్కన పెట్టుకోండి.