మెటాలికా ‘72 సీజన్స్’: ల్యాగ్ ఉందా, మనకే ఓపిక పోయిందా?

రిఫ్‌రాజా

అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్ ‘72 సీజన్స్’ 2023 ఏప్రిల్ 14న వచ్చింది, గోల ఇంకా ఆగలేదు. వేరే చర్చల మధ్యలో దూరి కొట్టుకోవడం ఎందుకని విడిగా పెడుతున్నా.

పేరున్న పత్రికలు చాలావరకు మెచ్చుకున్నాయి. అరవైకి దగ్గరపడ్డ మనుషులు ఇంత వేగంగా వాయిస్తున్నారే అన్న ఆశ్చర్యమే సగం సమీక్షల్లో కనిపిస్తోంది. అభిమానుల్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఒకాయనకి 1988 తర్వాత ఇంత మంచి ఆల్బమ్ రాలేదు, ఇంకొకాయనకి నాలుగో పాటకే ఆవులింతలు.

నా మాట సూటిగా చెప్తా. మొత్తం 12 పాటలు, 77 నిమిషాలు. ఇందులో 50 నిమిషాల అదిరిపోయే ఆల్బమ్ ఒకటి దాక్కుని ఉంది, మిగతాదంతా ల్యాగ్. మన సినిమాలకైతే మొదటి వారం టాక్ చూసి పావుగంట ట్రిమ్ చేసేస్తారు. ఇక్కడ ఆ పని చేసేదెవరు? నిర్మాత గ్రెగ్ ఫిడెల్‌మన్, కానీ ఆయన పక్కన నిర్మాతల కుర్చీల్లో ఉన్నది బ్యాండ్ గాయకుడు హెట్‌ఫీల్డ్, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్. సొంత పాటని కత్తిరించమంటే ఎవరికి చేతులాడతాయి? 1986లో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’కి 8 పాటలు, 55 నిమిషాలు సరిపోయాయి కదా.

ఇంకొకటి. 1991 నాటి నల్ల అట్ట ఆల్బమ్ (పేరు ‘మెటాలికా’) నుంచి ఆరు స్టూడియో ఆల్బమ్‌లు వరసగా అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో నేరుగా ఒకటో స్థానంలో దిగాయి. ఇది రెండు దగ్గర ఆగింది. జనం కూడా ఏదో చెప్తున్నట్టే.

పాతక్యాసెట్

చార్టు లెక్క తీసి పక్కన పెట్టు తమ్ముడూ. దీన్ని ఒకటో స్థానానికి రానివ్వనిది కంట్రీ గాయకుడు మోర్గన్ వాలెన్ ఆల్బమ్. అందులో 36 పాటలు! స్ట్రీమింగ్‌లో పాట పాటకీ లెక్క కడతారు కాబట్టి ఎన్ని పాటలుంటే అంత లాభం. మెటాలికాకి వచ్చిన అంకెలో సింహభాగం డబ్బులిచ్చి కొన్న సీడీలు, ఎల్పీలు. బ్రిటన్‌లో ఒకటో స్థానమే వచ్చింది, అది నువ్వు రాయలేదు. 36 పాటలవాడు పైన కూర్చుంటే 12 పాటలవాణ్ణి పొడుగు అని తిడుతున్నాం.

నిడివి సంగతికొస్తే, 1986లో 55 నిమిషాలు వాళ్ళ నిగ్రహం ఒక్కటే కాదు, ఎల్పీ పెట్టిన హద్దు కూడా. ఒక్కో వైపు పాతిక నిమిషాలు దాటేకొద్దీ గాడులు దగ్గరపడి శబ్దం బలం తగ్గుతుంది. సీడీ పూర్తిగా పాతుకుపోయాక వీళ్ళు ఎప్పుడూ అంచుదాకా నింపుతూనే వచ్చారు. 1996లో ‘లోడ్’ 79 నిమిషాలు. సీడీలో పట్టక చివరి పాటని ఒక నిమిషం కుదించాల్సి వచ్చింది. ‘సెయింట్ యాంగర్’ 75, ‘డెత్ మ్యాగ్నెటిక్’ కూడా అంతే. ఇరవై ఏడేళ్ళ అలవాటుని ఇవాళే కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడితే ఎలా?

తీగలమోత

అన్నలూ, నిమిషాల గొడవ మీరు చూసుకోండి. నాకు గిటారిస్ట్ కిర్క్ హ్యామెట్ సోలోలతోనే (పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చే ముక్కలు) పేచీ. 2022 నవంబర్లో ఈ ఆల్బమ్ నుంచి ‘లక్స్ ఎటర్నా’ విడుదలైనప్పుడే అనుమానం వచ్చింది. మూడు నిమిషాల ఇరవై సెకన్ల పాట, బండి దూసుకుపోతోంది, తీరా సోలో దగ్గరికొచ్చేసరికి ఏదో చేతికొచ్చింది గీకినట్టుంది. యూట్యూబ్‌లో కుర్రాళ్ళు అదే పాటకి తమ సోలోలు వాయించి పెట్టారు, కొన్ని నిజంగానే ఇంకా బాగున్నాయి. మిగతా పాటల్లోనూ వావా పెడల్ (గిటార్‌ని ‘వా వా’ అనిపించే కాలిమీట) మీద కాలేస్తే తీసేది లేదు. ‘రైడ్ ది లైట్నింగ్’ సోలో పాడమంటే నోటితో మొత్తం పాడతాను. ఇందులో ఒక్కటి పాడమనండి చూద్దాం.

బేస్‌బాబాయ్

కిర్క్ దీనికి జవాబిచ్చాడు కదరా అబ్బాయ్. తన స్నేహితులే తనకన్నా మెరుగ్గా వాయించగలరని నవ్వేశాడు. ముందే రాసుకుని బట్టీ పట్టింది కాకుండా అప్పటికప్పుడు పుట్టిందే కావాలని, ఒక్కో పాటకి బోలెడన్ని టేకులు వాయించి, ఏరుకునే పని లార్స్‌కి, ఫిడెల్‌మన్‌కి వదిలేశానన్నాడు. నచ్చకపోతే నచ్చలేదను, సరే. బద్ధకం అనకు.

నేను ఈ ఆల్బమ్ పక్షం ఎందుకంటే, బేస్ వినిపిస్తోంది. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ పెట్టుకుని అప్పటి బేసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ ఎక్కడున్నాడో వెతకండి. ఇక్కడ ‘ఇనమొరాటా’ సగానికి వచ్చాక గిటార్లు తప్పుకుంటాయి. డ్రమ్స్ సన్నగా టైమ్ పట్టి ఉంటే ఇప్పటి బేసిస్ట్ ట్రుహీయో ఒక్కడే నడుస్తాడు, తొందర లేదు. కాసేపటికి ఒక గిటార్ మెల్లగా వచ్చి చేరుతుంది, తర్వాత రెండోది, ఆ రెండూ జంటగా పైకెళ్తాయి. మంచి స్పీకర్లలో వినండి, ఫోన్ స్పీకర్లో కాదు. పదకొండు నిమిషాల పాట, వాళ్ళ చరిత్రలోనే అతి పొడుగుది. ఒక్క క్షణం కూడా గడియారం చూడబుద్ధి కాలేదు.

సీమడ్రమ్మర్

బాబాయ్ తెలియకుండానే అసలు పాయింట్ చెప్పేశాడు. పొడుగే రోగమైతే ‘ఇనమొరాటా’ అందరికంటే ముందు తిట్లు తినాలి. కానీ మెచ్చినవాళ్ళూ తిట్టినవాళ్ళూ కలిసి బాగుందంటున్న పాట అదే. అంటే జబ్బు నిమిషాల్లో లేదు.

మీరు కాలితో తాళం వేస్తూ వినండి. మొదటి మూడు పాటలు పరుగు. నాలుగోది ‘స్లీప్‌వాక్ మై లైఫ్ అవే’, నడక. ఐదోది ఇంకా బరువైన నడక. ఆరు ‘లక్స్ ఎటర్నా’, మళ్ళీ పరుగు. ఆ తర్వాత ఏడు, ఎనిమిది, తొమ్మిది పాటల్లో ఇంచుమించు ఒకే బరువు, ఒకే గిటార్ టోన్, కోరస్ వచ్చిన ప్రతిసారీ ఒకే ఎత్తు. విడివిడిగా ఏదీ చెత్త పాట కాదు. పక్కపక్కన పెట్టడంతో ఒకదాన్నొకటి తినేశాయి.

ఇంకో సంగతి గమనించారా? ‘రైడ్ ది లైట్నింగ్’లో నాలుగో పాట ఏది? ‘ఫేడ్ టు బ్లాక్’. ‘మాస్టర్’లో నాలుగోది ‘శానిటేరియం’. ‘జస్టిస్’లో ‘వన్’. నల్ల ఆల్బమ్‌లో ‘అన్‌ఫర్‌గివెన్’. ‘డెత్ మ్యాగ్నెటిక్’లో కూడా అదే స్థానంలో నెమ్మదిగా మొదలై చివర పరిగెత్తే పాట. మూడు పాటలు చెవులు వాయగొట్టి, నాలుగోదానికి ఊపిరి పీల్చుకోనిచ్చేవాళ్ళు. ఆ ఊపిరి తర్వాత ఐదోది మళ్ళీ కొత్తగా తగిలేది. ‘72 సీజన్స్’ మొత్తంలో ఒక్క బ్యాలడ్ (నెమ్మది పాట) లేదు. 77 నిమిషాలూ గరగరలాడే గిటార్ల డిస్టార్షనే. ‘ఇనమొరాటా’ మధ్యలో బాబాయ్ చెప్పిన ఆ నెమ్మది పన్నెండో పాటలో వస్తోంది, అప్పటికి సగం మంది దిగిపోయారు.

డల్లాస్‌లో_శీను

సీమ గారూ, సూపర్. నేను ఇన్నాళ్ళూ చెప్పలేకపోయింది అదే.

ఆగస్టులో ఆర్లింగ్టన్ స్టేడియంలో రెండు రాత్రులకీ టికెట్ తీశా. ఈ టూర్‌లో మొదటి రాత్రి పాడింది రెండో రాత్రి పాడరట. అప్పుడు తేలుతుంది కొత్తవాటిలో ఏవి నిలబడతాయో. 2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి హైదరాబాద్ నుంచి బస్సుల్లో వెళ్ళిన బ్యాచ్ ఇక్కడ ఉంటే చేతులెత్తండి, గుర్‌గావ్ షో రద్దయ్యాక అదైనా ఉంటుందా లేదా అని పడ్డ టెన్షన్ మామూలుది కాదు.

పాతక్యాసెట్

ఎత్తాను.

వెన్నెలరాత్రి

అందరూ వాయిద్యాల గురించే మాట్లాడుతున్నారు, సాహిత్యం ఎవరికీ పట్టినట్టు లేదు. 72 ఋతువులంటే ఏడాదికి నాలుగు చొప్పున పద్దెనిమిదేళ్ళు. (మన లెక్కన ఆరు ఋతువులు, పన్నెండేళ్ళకే అయిపోయేది. అప్పుడు నిజంగానే 50 నిమిషాల్లో ముగించేవాడేమో!) ఆ పద్దెనిమిదేళ్ళలో మనలోకి ఎక్కిందే జీవితాంతం నడిపిస్తుందన్నది హెట్‌ఫీల్డ్ ఆలోచన. ఆయన పదమూడో ఏట తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లి క్యాన్సర్‌తో పోయేనాటికి ఆయనకి పదహారేళ్ళు, వాళ్ళ మతవిశ్వాసం వైద్యానికి ఒప్పుకోలేదు. 2019లో మళ్ళీ తాగుడు మాన్పించే కేంద్రంలో చేరాడు, టూర్ ఆగింది. తర్వాత లాక్‌డౌన్‌లో తలా ఒక ఊళ్ళో ఉండి జూమ్‌లో మొదలుపెట్టిన పాటలు ఇవి. దిగులుతో ప్రేమలో పడ్డవాడి పాట ‘ఇనమొరాటా’. దిగులుకి ట్రిమ్మింగ్ ఉండదు రాజా గారూ. అదే మాట పదిసార్లు తిరుగుతుంది.

రిఫ్‌రాజా

వెన్నెల గారూ, ఆయన బాధ నిజం కాదని నేననలేదు. బాధ నిజమైనంత మాత్రాన పాట బాగున్నట్టు కాదు. కొన్ని సమీక్షలు సరిగ్గా అక్కడే మెత్తబడ్డాయని నా అనుమానం. మనిషి మీద గౌరవంతో ఒక స్టార్ ఎక్కువ వేశారు. 2008లో ‘డెత్ మ్యాగ్నెటిక్’కి పత్రికలు బ్రహ్మరథం పడుతుంటే, శబ్దం పగిలిపోతోంది బాబోయ్ అని మళ్ళీ మాస్టరింగ్ (శబ్దానికి తుది మెరుగులు) చేయమని వేలమంది సంతకాలు పెట్టారు. గిటార్ హీరో ఆటలో అవే పాటలు శుభ్రంగా వినిపించాయి కాబట్టి అభిమానులకి చేతిలో సాక్ష్యం దొరికింది. అందుకే స్టార్ల కన్నా మనవాళ్ళ సణుగుడునే నేను ముందు వింటా.

సీమ అన్నా, నీ నాలుగో పాట లెక్క బాగుంది, కానీ నాకే పనికొస్తుంది. 4, 7, 8, 9 తీసేసి వరస చేసుకున్నా. మిగిలింది 8 పాటలు, 51 నిమిషాలు. రెండుసార్లు విన్నా, ఎక్కడా ఆగలేదు.

తీగలమోత

రాజా అన్నా, ఆ లిస్టులో సోలోలు కూడా తీసేస్తే 45కి వస్తుంది 😄

సీమడ్రమ్మర్

పాటలు తీసేస్తే రద్దీ తగ్గుతుంది రాజా, లేని నెమ్మది పాట ఎక్కడి నుంచి వస్తుంది? నీ 51 నిమిషాల్లోనూ చివరి పాట దాకా ఊపిరాడదు. నేనైతే 12నే తెచ్చి 6 తర్వాత పెట్టుకుని వింటున్నా, ఒక్కటీ కొయ్యలేదు. ఆ తర్వాత వచ్చే మూడింటి మొహమే మారిపోయింది.

పైగా నువ్వు తీసేసిన తొమ్మిదోది ‘ఇఫ్ డార్క్‌నెస్ హ్యాడ్ ఎ సన్’. మొదట్లో లార్స్ స్నేర్ డ్రమ్ మీద కవాతులా పేర్చుకుంటూ వస్తాడు చూడు, ఈ ఆల్బమ్‌లో ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి. ముందు దాన్ని తిరిగి పెట్టు, తర్వాత మాట్లాడదాం.