మగరాయుడు: ఎప్పుడు మెప్పు, ఎప్పుడు తిట్టు?

"టామ్‌బాయ్ అన్నదానికి తెలుగులో మగరాయుడు అని రాయొచ్చా?" అని నిన్న మన గ్రూపులో ఒకరు అడిగితే, చాలామంది అవునని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, చిన్నప్పుడు ఈ మాట రోజూ అనిపించుకున్నదాన్ని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మగవాడి తీరున ఉండే ఆడమనిషిని మగరాయుడు అంటారు. మగ, రాయుడు కలిసిన మాట ఇది. రాయుడంటే రాజే. సంస్కృతంలోని రాజ శబ్దం ప్రాకృతంలో రాయ అయి మనదాకా వచ్చింది. మా వైపు నోట్లో మొగరాయుడు అని పలుకుతుంది. మాట 'డు'తో ముగుస్తుంది గానీ ఇవాళ్టి వాడుకలో మగవాణ్ణి ఎవరూ అలా అనరు. మగవాడికి వేరే మాట ఉంది: "వాడికేమమ్మా, మగమహారాజు, ఎక్కడ తిరిగినా చెల్లుతుంది." ఆ మహారాజుకి ఊరంతా తిరిగే హక్కు మాటలోనే వచ్చేసింది. రాయుడికి మాత్రం అది చూసేవాళ్ల దయ.

దీని వ్యాకరణం కూడా చూడండి. "మా మగరాయుడు వచ్చింది" అంటాం. కర్త చివర డు, క్రియ చివర ది. తెలుగులో స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో (జంతువులు, వస్తువుల మాటలతో) పోతుంది, బహువచనంలో మాత్రం మహత్తుతో (మగవాళ్ల మాటలతో) సమానమవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పిన పద్ధతే ఇది. అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది. అమ్మాయిలు మాత్రం వచ్చారు. ఒక్కతే ఉన్నప్పుడు దక్కని 'డు'ని మగరాయుడు అనే మాట ఆ పిల్లకి అతికించి, క్రియ దగ్గరికి రాగానే మళ్లీ తీసేసుకుంటుంది. కృష్ణా, గుంటూరు ఇళ్లలో తండ్రులు కూతుర్ని ముద్దుగా "ఏరా నాన్నా" అంటారు, "మా చిన్నోడు అన్నం తిన్నాడా?" అని అడుగుతారు. అక్కడ క్రియ కూడా మారుతుంది. ఆ పిలుపులో నాకు తేడా ఎప్పుడూ కనిపించలేదు, ప్రేమే కనిపించింది. మగరాయుడు అలా కాదు, అనే గొంతును బట్టి అర్థం మారిపోతుంది.

ఇంగ్లీషు మాట కథ కూడా ఇలాంటిదే. 16వ శతాబ్దంలో టామ్‌బాయ్ అంటే మొదట మొరటుగా ఉండే మగపిల్లాడు. ఆ శతాబ్దం పూర్తి కాకముందే అది ఆడపిల్లల మీదికి మళ్లింది. ఇంతవరకు రెండూ సరిపోతాయి. తేడా వయసు దగ్గర. టామ్‌బాయ్ అనగానే ముఖ్యంగా చిన్నపిల్ల గుర్తొస్తుంది, పెద్దయ్యాక మారిపోతుందిలే అన్న నమ్మకం ఆ మాట వెనకే ఉంటుంది. మన మాటకి వయసు లేదు. భర్త పోయాక కౌలుకి పొలం చేసి, అప్పులు తీర్చి, పిల్లల్ని చదివించిన ఆవిడ గురించి "మగరాయుడిలా నిలబడింది" అని ఊరు మెచ్చుకుంటుంది. యాభై ఏళ్ల మనిషికి అది బిరుదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. అవసరం కొద్దీ మగవాడి పని చేస్తే మగరాయుడు మెప్పు. తన ఇష్టం కొద్దీ మగవాడి బట్ట కడితే అదే మాట తిట్టు.

గుంటూరు చుట్టుపక్కల మిరపకోతలకి వెళ్లే ఆడవాళ్లని చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు. ఎండా, మిరప ఘాటూ ఒంటికి తగలకుండా వేసుకుంటారు. ఆ చొక్కా భర్తదో కొడుకుదో అయి ఉంటుంది. వాళ్లని మగరాయుళ్లు అన్నవాళ్లని నేను వినలేదు. అదే చొక్కా వాళ్ల కూతురు ఇంటర్లో చేరాక సరదాగా వేసుకుని బజారుకి వెళ్తే, "ఏంటే ఆ మగరాయుడి వేషం" అని వీధి అరుగు మీది నుంచే వినబడుతుంది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు జట్టు టీషర్టు, ప్యాంటు మీద ఎవరికీ అభ్యంతరం లేదు. పతకం ఉంది కాబట్టి బట్టకి కారణం దొరికింది. కారణం లేకుండా ప్యాంటు వేసుకునే పిల్ల సంగతేమిటి?

మా వైపు ముద్దుమాట తిట్టుగా మారే ఆ మలుపు ఓణీల ఫంక్షన్ దగ్గర వస్తుంది. అప్పటిదాకా నిక్కరుతో సైకిలు తొక్కినా, గోడలెక్కినా "మా మగరాయుడు" అని నవ్వే నాయనమ్మే, ఓణీ వేశాక అదే మాటని పళ్లు బిగించి అంటుంది. మా నాయనమ్మ చెడ్డమనిషి కాదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు నలుగురూ ఏమంటారోనన్న టెన్షన్ ఆవిడది. అయినా ఆ వయసులో నాకు అర్థమైంది ఒకటే: నిన్నటిదాకా ముద్దొచ్చిన నా తీరు ఇవాళ తప్పయిపోయింది, నేను మాత్రం ఏమీ మారలేదు. మగపిల్లలకీ పంచెల ఫంక్షన్ చేస్తారు. మర్నాడు పంచె విప్పేసి వాడు మళ్లీ నిక్కరులోకి వెళ్లిపోతే ఎవరూ ఏమనరు.

ఒక సభ్యుడు "మగరాయుడులో రాయుడున్నాడు కదా, అది గౌరవమే" అన్నారు. సగం ఒప్పుకుంటాను. దీనికి ఎదురుమాట ఆడంగిని పక్కన పెట్టి చూడండి. మగపిల్లాడు ఆడపిల్లలా ఉంటే అనే మాట అది, ఎవరన్నా, ఏ గొంతుతో అన్నా తిట్టే. గాజులు తొడుక్కోమనడం కూడా అంతే. మగతనం ఆడదానికి అంటితే పైకెక్కినట్టు, ఆడతనం మగవాడికి అంటితే దిగజారినట్టు. మగరాయుడిలోని గౌరవం ఆ లెక్కలో వచ్చిందే, అందుకే నాకు అది పూర్తి గౌరవంగా అనిపించదు.

ఈ లెక్క కొత్తది కాదు. ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. కాకతీయ రాణి రుద్రమదేవి మందడం గ్రామాన్ని శైవగురువు విశ్వేశ్వర శివాచార్యులకు దానం చేసిన సంగతి చెబుతుంది. అంతటి పాలకురాలు శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కూడా కనిపిస్తుంది. సింహాసనం ఎక్కిన ఆడమనిషికి కూడా మగపేరు కావలసి వచ్చింది.

ఇక అడిగిన ప్రశ్నకి నా జవాబు. కథలో ఎనిమిదేళ్ల పిల్ల గోడ దూకుతుంటే మగరాయుడు అని హాయిగా రాయండి, అంతకంటే మంచి మాట లేదు. పాతికేళ్ల అమ్మాయి చొక్కా, ప్యాంటు, పొట్టి క్రాపుతో ఆఫీసుకి వెళ్తుంటే ఆ మాట రచయిత గొంతులో వద్దు. చొక్కా, ప్యాంటు, క్రాపు అని ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది. పక్కింటావిడ నోట పెట్టాలంటే పెట్టండి, ఆవిడ అనేది అదే. ధైర్యంగా ఉన్న ఆడమనిషిని ధైర్యస్థురాలు అనండి, గట్టి మనిషి అనండి.

తెలంగాణలో, రాయలసీమలో, ఉత్తరాంధ్రలో ఇలాంటి పిల్లల్ని ఏమంటారో, ఓణీ వేశాక అక్కడా ఆ మాట గొంతు మారుతుందో లేదో తెలిసినవాళ్లు కింద రాయండి. ముఖ్యంగా ఆ మాట పడ్డవాళ్లు.