మొదటి బండిగా పాత బ్యాక్‌హో లోడర్: కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న
అందరికీ నమస్కారం. ఇన్నేళ్లు ట్రాక్టర్ నడిపాను. ఇప్పుడు సొంతంగా ఒక బ్యాక్‌హో లోడర్, అదే మనమంతా జేసీబీ అనే బండి, కొందామనుకుంటున్నాను. కొత్తది నాకు అందదు. 15 ఏళ్ల పాతది ఒకటి చూశాను. మీటర్‌లో 6,200 గంటలు ఉన్నాయి. పెయింట్ కొత్తగా వేశారు. తాళం తిప్పగానే స్టార్టయింది, ఇంజిన్ శబ్దం కూడా బాగుంది. రెండు రోజుల్లో మాట చెప్పమంటున్నారు. దాచుకున్నదంతా దీనికే పోతుంది కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఇంకా ఏం చూడాలో చెప్పండి.

బండి యజమాని
తమ్ముడూ, ముందు ఆ రెండు రోజుల గడువు సంగతి మర్చిపో. ఒక్క మాట చెప్పు: నువ్వు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా? ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టిన ఇంజిన్ ఎవరికైనా తాళం తిప్పగానే పలుకుతుంది. మళ్లీ వెళ్లు. పొద్దున్నే వెళ్లు. నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడు.

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్లపొగ వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. బండి నిలబెట్టి, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. కాస్త ఆవిరి మామూలే. బుస్సుబుస్సుమని వదలకుండా తన్నుతుంటే ఇంజిన్ లోపల పిస్టన్ రింగులు, అవి ఆడే లైనర్లు అరిగినట్టే.

మీటర్ సంగతి. 15 ఏళ్లకు 6,200 అంటే ఏడాదికి 400 చిల్లర. అద్దెకు తిరిగే బండి ఏడాదికి వెయ్యి గంటలు దాటడం మామూలే. ఎవరైనా తక్కువ వాడుకొని ఉండొచ్చు, కాదనను. కానీ మీటర్ మార్చడం కష్టమేమీ కాదు. పెడల్ రబ్బర్లు, లివర్ల పిడులు, సీటు, అడుగున రేకు చూడు. ఇవన్నీ అరిగిపోయి మీటర్ మాత్రం చిన్నగా ఉంటే మీటర్‌ను నమ్మొద్దు.

నా మొదటి బండికి నేనూ ఇంజిన్ శబ్దమే విన్నాను. మూడో నెలలో గేర్‌బాక్స్ విప్పాల్సి వచ్చింది. ఆరు వారాలు బండి కదల్లేదు. ఆపరేటర్ జీతం, కిస్తీ మాత్రం ఆగలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారు
నిజమే అన్నా, నేను వెళ్లేసరికే వేడిగా ఉంది. గేర్‌బాక్స్ లోపల ఎలా ఉందో విప్పకుండా తెలుస్తుందా?

మెకానిక్
తెలుస్తుందండీ, కానీ బండి బాగా వేడెక్కాలి. ఈ బళ్లలో చాలావాటికి టార్క్ కన్వర్టర్ ఉంటుంది, అంటే ఇంజిన్ బలం ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు చేరుతుంది. ముందుకు, వెనక్కు వెళ్లే క్లచ్ ప్లేట్లను ఆయిల్ ప్రెషరే పట్టి ఉంచుతుంది. చల్లగా ఉన్న ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి సీళ్లు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రింగులు, అరిగినా ప్రెషర్ నిలబడుతుంది. వేడెక్కి పలచబడ్డాక ఆ సందుల్లోంచి జారిపోతుంది. అందుకే పది నిమిషాలు నడిపి చూస్తే ఏమీ బయటపడదు.

కనీసం గంటసేపు మట్టి తవ్వించి, కుప్ప ఎత్తించి, తర్వాత ముందుకు, వెనక్కు మార్చి చూడండి. లివర్ వేశాక కాసేపు ఆగి, ఉన్నట్టుండి కుదుపుతో కదిలితే అనుమానించాలి. లోడర్ బకెట్‌ను మట్టి కుప్పలోకి నెట్టమనండి. ఇంజిన్ అరుస్తున్నా చక్రాలు కదలక, బండి బలం చూపకపోతే మరీ అనుమానించాలి. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి వాసన చూడండి. మాడిన వాసన వచ్చినా, వేళ్ల మధ్య రుద్దితే మెరిసే పొడి తగిలినా ఆ బండి వద్దు. ఇంజిన్ పని నాలుగు చోట్ల చేస్తారు, సామాను దొరుకుతుంది. పాత గేర్‌బాక్స్‌కు చెయ్యి తిరిగిన మనిషి దొరకడమే కష్టం.

హైడ్రాలిక్స్, అంటే ఆయిల్ ప్రెషర్‌తో బకెట్లను కదిలించే భాగాలు, కూడా వేడి మీదే చూడాలి. బూమ్ (వెనక తవ్వే చెయ్యి) చాపి, బకెట్ పైకి ఎత్తి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు గమనించండి. కిందికి ఎవరూ వెళ్లకూడదు. పాత బండి కొద్దిగా దిగుతుంది. కళ్ల ముందే దిగిపోతుంటే సిలిండర్ సీళ్లు పోయి ఉండొచ్చు, లేదా ఆయిల్‌ను సిలిండర్లకు మళ్లించే వాల్వ్ బ్లాక్ లోపల అరిగి ఉండొచ్చు. మొదటిది చిన్న పని, రెండోది పెద్దది. అమ్మేవాళ్లు ‘సీల్ కిట్ వేస్తే సరిపోతుంది’ అంటే, వేయించి చూపించమనండి.

సిలిండర్ రాడ్లను పూర్తిగా బయటికి చాపించి గుడ్డతో తుడిచి చూడండి. గీతలు, తుప్పు గుంటలు ఉంటే కొత్త సీల్ వేసినా ఎక్కువ రోజులు ఆగదు. హైడ్రాలిక్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి.

బండి యజమాని
పెయింట్ మాట మర్చిపోయాను. కొత్త పెయింట్ తప్పు కాదు, కానీ దాని కింద వెల్డింగ్ దాక్కుంటుంది. బూమ్ మొదట్లో, లోడర్ చేతులు ఛాసిస్‌కు కలిసేచోట, పిన్నుల చుట్టూ వేలితో తడుముతూ వెళ్లు.

వెనక బూమ్ అటూ ఇటూ తిరిగేది కింగ్ పోస్ట్ మీద. బూమ్ చాపి, బకెట్ నేలకు కాస్త పైన ఉంచి ఇంజిన్ ఆపు. బకెట్‌ను పక్క నుంచి చేత్తో ఊపు. కింగ్ పోస్ట్ దగ్గర కొంచెం లూజున్నా బకెట్ చివర చాలా పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి బకెట్ ఊగిందని కంగారుపడకు. ఇంకొకరిని ఊపమని, నువ్వు పక్కన నిలబడి పిన్ను దగ్గరే చూడు. బుష్‌లో, అంటే పిన్ను చుట్టూ ఉండే లోహపు గొట్టంలో, పిన్ను ఆడుతుంటే రెండూ మారిస్తే సరి. బుష్ తన రంధ్రంలోనే ఆడుతుంటే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయిందన్నమాట. వెల్డింగ్ నింపి బోరింగ్ చేయించాలి, అంటే రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా తొలిపించాలి. అది ధరలో తేలాల్సిన విషయం.

టైర్లు, బ్రేకులు, హోస్ పైపులు కనబడేవే, నువ్వే చూసుకోగలవు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితాలతో కలవాలి, బండి మీద పాత అప్పు ఉండకూడదు.

ఆపరేటర్
లీకుల కోసం హోస్ పైపుల మీద చెయ్యి పెట్టి తడమకండి. దయచేసి. లోపల 200 బార్ దాకా ప్రెషర్ ఉంటుంది. సన్నటి రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు
ఈరోజు పొద్దున్నే వెళ్లొచ్చాను. చల్లటి ఇంజిన్ కాస్త గింజుకుని స్టార్టయింది, పొగ త్వరగానే ఆగింది. గంట తవ్వించాక మాత్రం రివర్స్ వేస్తే మూడు క్షణాలు ఆగి కదిలింది. డిప్‌స్టిక్ వాసన చూస్తే మాడిన వాసన. వద్దని చెప్పి వచ్చేశాను. ఇంకో బండి ఉందంటున్నారు. డబ్బు మొత్తం బండికే పెట్టకుండా కొంత ఆపుకోవాలా?

మెకానిక్
తప్పకుండా. కొన్న మొదటి వారంలోనే అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు మార్చాలి, ఒకటి రెండు హోస్ పైపులు పగలొచ్చు. బండి ధరలో కనీసం ఐదో వంతు పక్కన పెట్టుకోండి. ఇక గ్రీజు పని పొద్దున్నే, ప్రతిరోజూ, ఒక్క నిప్పుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) కూడా వదలకుండా. రెండో బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఒక టార్చిలైటు, పాత గుడ్డ, అట్టముక్క తీసుకెళ్లండి.