జార్జియా ప్రభుత్వం ఐరోపా చర్చలను ఆపివేయడం న్యాయమేనా?

చర్చ ప్రారంభం

కాకసస్ పర్వతాల దిగువనున్న జార్జియాలో 2024 అక్టోబరు 26న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. అధికారంలో ఉన్న జార్జియన్ డ్రీమ్ పార్టీకి దాదాపు 54 శాతం ఓట్లు వచ్చాయని ఎన్నికల సంఘం ప్రకటించగా, ప్రతిపక్షాలు ఆ ఫలితాన్ని అంగీకరించలేదు. ఐరోపా సమాఖ్యలో చేరే చర్చలను 2028 చివరి వరకు చేపట్టబోమని నవంబరు 28న ప్రధాని ఇరాక్లీ కొబాఖిద్జే ప్రకటించిన రాత్రే రాజధాని టిబిలిసిలోని రుస్తావెలీ వీధి జనంతో నిండిపోయింది. విదేశాంగ విధానం ఎన్నికైన ప్రభుత్వం ఇష్టమా, లేక దాన్ని ప్రజలు వీధిలో నిలబడి అడ్డుకోవచ్చా? సభ్యులు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సభ్యుడు

న్యాయం ప్రభుత్వం వైపే ఉందని నా అభిప్రాయం. ఓటుతో వచ్చినవారిని ఓటుతోనే దించాలి. 2003లో అధ్యక్షుడు షెవర్నాద్జేను వీధి పోరాటంతో గద్దె దించినప్పటి ధోరణి ఆ దేశాన్ని ఇంకా వదలలేదు. భద్రత మాట కూడా ఆలోచించండి. 2008 ఏప్రిల్‌లో బుకారెస్టులో సమావేశమైన నాటో సైనిక కూటమి, జార్జియాను ఎప్పటికైనా చేర్చుకుంటామని మాట ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు పాశ్చాత్య దేశాల సైన్యమేదీ సాయానికి రాలేదు. దేశ భూభాగంలో ఐదో వంతైన అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా ఈనాటికీ రష్యా సేనల అండతోనే విడిగా ఉన్నాయి. అలాంటి చోట బతికేవారు ఉక్రెయిన్ గతి తమకు పట్టకూడదని అనుకుంటే తప్పు పట్టగలమా? విదేశీ నిధులు పొందే సంస్థలు నమోదు చేసుకోవాలన్న 2024 నాటి జార్జియా చట్టంపై జరిగిన గొడవ కూడా నాకు అర్థం కాలేదు. అమెరికాకు 1938 నుంచి అలాంటి చట్టం ఉంది. మనకూ విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది.

రెండవ సభ్యురాలు

యుద్ధభయం గురించి మీరు రాసినది నిజం. దాన్ని రష్యా ప్రచారమని కొట్టిపారేసేవారు 2008లో ఇళ్లు వదిలి పారిపోయిన జార్జియన్ల బాధను కూడా కొట్టిపారేసినవారే అవుతారు. అయితే అసలు ప్రశ్న ఆ పార్టీ ఏమి చెప్పి ఓటు అడిగిందన్నది. ఒకవైపు బాంబులకు కూలిన ఉక్రెయిన్ కట్టడాలను, మరోవైపు చక్కగా ఉన్న జార్జియాను చూపే ప్రచారచిత్రాలు పెట్టి, వాటితో పాటే శాంతితో, గౌరవంతో, సమృద్ధితో ఐరోపాకు వెళదామన్న నినాదాన్నీ ఇచ్చింది. 2030 నాటికి సభ్యత్వం తెస్తామన్నది. యుద్ధం వద్దన్న ఓటూ ఐరోపా కావాలన్న ఓటూ ఒకే పెట్టెలో వేయించుకుని, ఒక నెల గడిచాక రెండోదాన్ని పక్కన పెట్టింది. చర్చలు వాయిదా వేస్తామని ఎన్నికలకు ముందే చెప్పి గెలిచి ఉంటే మీ వాదనకు నేను తలవంచేదాన్ని.

ఐరోపా సమాఖ్యలోనూ నాటోలోనూ పూర్తిగా చేరడానికి రాజ్యాంగ సంస్థలన్నీ తమ పరిధిలోని చర్యలన్నీ తీసుకోవాలని ఆ దేశ రాజ్యాంగంలోని 78వ అధికరణం చెబుతుంది. 2017 సవరణలతో దాన్ని చేర్చింది ఈ పార్టీయే. అధికరణం అలాగే ఉండగా దానికి ఎదురు నడవడం విధాన నిర్ణయం కాదు, రాజ్యాంగ ధిక్కారం.

ఇక చట్టం సంగతి. అమెరికా చట్టం ప్రకారం విదేశీయుల ఆదేశంపైనో కోరికపైనో వారి తరఫున పనిచేస్తేనే నమోదు చేసుకోవాలి. 2024 నాటి జార్జియా చట్టానికి ఆదాయంలో 20 శాతం కంటే ఎక్కువ విదేశాల నుంచి వస్తే చాలు, ఎవరు ఎవరికి ఆదేశమిచ్చారన్న ప్రశ్నే లేదు. అలాంటి స్వచ్ఛంద సంస్థ, అలాంటి పత్రిక ‘విదేశీ శక్తి ప్రయోజనాలను నెరవేర్చే సంస్థ’ అన్న ముద్ర మోయాలి. మన చట్టంపైనా, ముఖ్యంగా 2020 సవరణలపైనా నాకు గట్టి అభ్యంతరాలున్నాయి కానీ, అందులో ఈ ముద్ర లేదు. పైగా ఈ బిల్లును 2023 మార్చిలో జనాగ్రహానికి వెనక్కి తీసుకున్నారు. ఆ డిసెంబరులో ఐరోపా సమాఖ్య నుంచి అభ్యర్థి హోదా దక్కాక, 2024 ఏప్రిల్‌లో మళ్లీ తెచ్చారు. అప్పటి అధ్యక్షురాలు సలోమే జురాబిష్విలీ వీటో చేసినా మే 28న దాన్ని తోసిపుచ్చారు. ఒకసారి మాట తప్పినవారిని రెండోసారి నమ్మలేక వీధిలోకి వచ్చిన జనానికి అది వదలని ధోరణి అని అనడం అన్యాయం.

మొదటి సభ్యుడు

అధికరణం విషయంలో మీ వాదన బలమైనదే. కానీ ఒత్తిడి మొదలుపెట్టింది ఐరోపానే. 2024 జూన్‌లోనే చేరిక ప్రక్రియ ఆచరణలో ఆగిపోయిందని ఆ దేశాల నేతలు ప్రకటించారు. ఎన్నికలు మళ్లీ జరపాలని నవంబరు 28న ఐరోపా పార్లమెంటు తీర్మానించింది. ఏ సార్వభౌమ దేశం దాన్ని సహిస్తుంది? నిరసనకారులు పార్లమెంటు భవనంపైకి బాణసంచా విసిరిన మాట కూడా మరచిపోరాదు.

రెండవ సభ్యురాలు

బాణసంచా విసిరినవారిపై చట్టప్రకారం కేసు పెట్టవచ్చు, అందులో నాకు భేదాభిప్రాయం లేదు. అయితే అదుపులోకి తీసుకున్నవారి ఒంటిపై గాయాలున్నాయని చెప్పింది ప్రతిపక్షం కాదు, ఈ పార్టీ పార్లమెంటే ఎన్నుకున్న ప్రజా రక్షకుడు, అంటే పౌరుల హక్కులను చూసే అధికారి. దారికి అడ్డంగా నిలిచినవారికి జరిమానాను 500 లారీల (లారీ ఆ దేశ నాణెం పేరు) నుంచి 5,000 లారీలకు పెంచారు. ఒక పోలీసు అధికారిని చెంపదెబ్బ కొట్టినందుకు పాత్రికేయురాలు మ్జియా అమగ్లొబెలీకి 2025 ఆగస్టులో రెండేళ్ల జైలుశిక్ష పడింది. ఐరోపా సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌పై కోపం ఉంటే బ్రస్సెల్స్‌తో వాదించాలి గాని, సొంత పౌరులపై తీర్చుకోవడం ఏ సార్వభౌమత్వం?

ప్రజల మనసు మారిందని ప్రభుత్వం నమ్మితే చేయవలసిన పని ఒకటుంది. 78వ అధికరణాన్ని తొలగిస్తామని బాహాటంగా చెప్పి, దానిపైనే ఎన్నికలకు వెళ్లాలి. రాజ్యాంగాన్ని మార్చగలిగేంత మెజారిటీ ఇవ్వండని 2024 ప్రచారంలో ఆ పార్టీ ఓటర్లను అడిగింది. అధికారిక లెక్కల ప్రకారమే 150 స్థానాల సభలో దానికి దక్కినవి 89. అది ప్రభుత్వాన్ని నడపడానికి సరిపోతుంది, రాజ్యాంగాన్ని మార్చడానికి సరిపోదు.