ముందు ఆపరేషనా, కీమోనా? ఎవరిని అడగాలి?

అమ్మకు 58 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. ఖమ్మంలో డాక్టరుగారు ముందు ఆపరేషన్ అన్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే ముందు కీమో అంటున్నారు. బయాప్సీ రిపోర్టు మాత్రం ఒక్కటే: హెర్-2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం), చంకలో గ్రంథికీ పాకింది. "ఎవరి మాట వినాలిరా?" అని అమ్మ అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది.

ఏ ఊళ్లో చూపించుకున్నా ఒకేలాంటి వైద్యం అందాలనే కదా 2012లో దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను కలిపి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ పెట్టి, మార్గదర్శకాలు ఇచ్చింది! సర్జన్, కీమో, రేడియేషన్ డాక్టర్లు కలిసి నిర్ణయించే ట్యూమర్ బోర్డులో అమ్మ కేసు పెట్టమని మనమే అడగొచ్చా? బయాప్సీ బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో దాచినవి), స్లైడ్లు మొదటి ఆసుపత్రివాళ్లు ఇస్తారా? ఆరోగ్యశ్రీ కింద ఒకచోట మొదలుపెట్టాక మరోచోటికి మారనిస్తారా? ఈ దారిలో నడిచినవాళ్లు దయచేసి చెప్పండి.