మినీ ఐటీఎక్స్ బోర్డుకి సొంత డబ్బా: చెక్కా? రేకా?

టీవీకిందపెట్టె:
నా దగ్గర ఏఎం4 సాకెట్ ఉన్న మినీ ఐటీఎక్స్ బోర్డు (కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో చిన్న కొలతది), రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు పెట్టను. టీవీ కింద అరలో పట్టే డబ్బా కావాలి. బజార్లో చూసినవాటిలో సగం, నేను ఎప్పటికీ కొనని కార్డు కోసం ఖాళీ వదిలినవే. మా మావయ్య వడ్రంగం చేస్తారు, 12 మి.మీ. టేకు పలకలు ఇస్తానన్నారు. లోపల 190 × 190 × 62 మి.మీ. అనుకుంటున్నా. ప్రాసెసర్ మీది కూలర్ ఎత్తు 37 మి.మీ. కరెంటు బయటి అడాప్టరు నుంచి, లోపల మదర్‌బోర్డు మీది 24 పిన్నుల సాకెట్లో గుచ్చి, ఆ కరెంటుని పంచే చిన్న డీసీ బోర్డు. రేకుతో చేయిస్తే పాత స్టెబిలైజరులా ఉంటుందని ఇంట్లో గొడవ. మీరేమంటారు?

రేకులషాపు:
చెక్క వద్దు తమ్ముడూ. ముందు లెక్క చూడు. నీ లోపలి గది 2.24 లీటర్లు. చుట్టూ 12 మి.మీ. పలక వేస్తే బయట 214 × 214 × 86, అంటే 3.9 లీటర్లు. అదే 1.2 మి.మీ. రేకు వేస్తే 2.4. గోడలకే 1.7 లీటర్లు పోసి దాన్ని చిన్న డబ్బా అంటావా?

కూనిరాగం:
కొనుక్కుంటే పోయేదానికి ఇంత తంటా ఎందుకో!

టీవీకిందపెట్టె:
@కూనిరాగం కొంటే ఈ గొడవ వినే భాగ్యం ఉండదుగా అన్నా.

చల్లగాలి:
నేను చెక్క పార్టీ. "చెక్క వేడిని పట్టేస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్తున్నా. ఫ్యాన్ ఉన్న డబ్బాలో వేడి బయటికి పోయేది గాలితో, గోడలతో కాదు. గోడే హీట్‌సింక్‌గా, అంటే వేడిని లాగే లోహపు దిమ్మెలా, పనిచేయాలంటే ప్రాసెసర్‌ని దానికి అతుక్కునేలా బిగించాలి, అది వేరే కథ. 2001లో వయా కంపెనీ ఈ 170 × 170 మి.మీ. మినీ ఐటీఎక్స్ కొలత తెచ్చిన కొత్తలో కొన్ని బోర్డులు ఫ్యాన్ లేకుండానే నడిచాయి, ఆ చిప్‌లు అంత నెమ్మది. నీది 65 వాట్ల చిప్ అని రాస్తారు గానీ పనిలో ఉంటే 88 దాకా లాగుతుంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) 45 వాట్ల మోడ్ ఉంటే పెట్టుకో, టీవీ పనికి తేడా తెలియదు.

అసలు చూడాల్సింది కూలర్ ఫ్యాన్‌కీ పైకప్పుకీ మధ్య సందు. 37 అన్నది కూలర్ ఒక్కదాని ఎత్తు. కింద స్టాండాఫ్ (బోర్డుని ఎత్తిపట్టే చిన్న స్తంభం) 6.5, బోర్డు 1.6, సాకెట్, ప్రాసెసర్ కలిపి ఇంకో 8 దాకా. మొత్తం 53. నీ 62లో 9 మిగిలింది. ఆ 9 మి.మీ. సందులోంచి ఫ్యాన్ తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. ఫ్యాన్ అంచుకీ కప్పు రంధ్రాలకీ మధ్య ఫోమ్ ముక్క చుట్టూ పెట్టి గొట్టంలా చెయ్యి. పైసా ఖర్చు లేని పని, దీనికి మించిన మందు నేను చూడలేదు.

రేకులషాపు:
గాలి సంగతి ఒప్పుకుంటా. వెనక ఐఓ, అంటే వైర్లు గుచ్చే పోర్టుల సంగతో? 12 మి.మీ. పలకకి కిటికీ కోస్తే హెచ్‌డీఎంఐ ప్లగ్ తల లోపలికి దూరదు. ఆ పోర్టుల చుట్టూ వచ్చే షీల్డ్ రేకు బిగియాలంటే 158.75 × 44.45 రంధ్రం, పల్చటి రేకులో. అంటే వెనక ఎలాగూ రేకే. ఇంకొకటి, చాలా మినీ ఐటీఎక్స్ బోర్డుల్లో ఎస్ఎస్‌డీ (డేటా దాచే చిన్న పలక) గుచ్చే ఎం.2 స్లాట్ ఒకటి అడుగున ఉంటుంది. కింద చెక్క ఉంటే ఎస్ఎస్‌డీకి గాలీ లేదు, తగిలే లోహమూ లేదు. రేకు ట్రే అయితే వేడిని దాటించే మెత్తటి థర్మల్ ప్యాడ్ పెట్టి వేడిని దానిలోకి లాగొచ్చు.

ఎర్త్‌పిన్ను:
రేకు పార్టీకి ఒక ప్రశ్న. పాత ఇళ్లల్లో మూడు పిన్నుల సాకెట్లో మూడో బొక్కకి వైరే ఉండదు. అడాప్టరు నుంచి చిన్న లీకేజీ వచ్చి రేకు డబ్బా ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. మా ఇంట్లో అదే జరిగింది, తడిచేత్తో ముట్టుకుంటే ఇంకా బాగా తెలిసేది. డబ్బాని కాదు, ముందు ఎర్త్‌ని సరిచేయించు. చెక్క పెట్టినంత మాత్రాన పోదు, యూఎస్‌బీ పోర్టు అంచు లోహమే.

అడాప్టరు గురించి కూడా: పాత ల్యాప్‌టాప్‌ది పెడదామని చూడకు. అది 19.5 వోల్టులు. మామూలు డీసీ బోర్డు వచ్చిన 12 వోల్టుల్నే నేరుగా ముందుకి పంపిస్తుంది. 12 వోల్టులు, 10 ఆంపియర్లకి తగ్గకుండా కొను. ఎల్‌ఈడీ స్ట్రిప్‌లకి వాడే చిల్లుల రేకు సప్లై అసలు వద్దు, స్క్రూల దగ్గర 230 వోల్టులు తెరిచి ఉంటాయి, ఇంట్లో పిల్లలుంటే మరీ.

రెండుమిల్లీలు:
ఎవరికి పని ఇచ్చినా నా తప్పు మాత్రం చేయకండి. బయటి వెడల్పు 172 అని డ్రాయింగ్ ఇచ్చా. రెండు పక్కలా 1.2 రేకు పోతే లోపల 169.6. బోర్డు 170. పాయింట్ నాలుగు మిల్లీమీటర్ల కోసం ఆదివారం అంతా ఆకురాయి పట్టా. వంచేవాళ్లకి లోపలి కొలతా, బయటి కొలతా అన్నది డ్రాయింగ్ మీదే రాయండి. ఇంకా స్టాండాఫ్ రంధ్రాలు నాలుగూ చదరంగా ఉంటాయని గీసేయకండి, ఐఓ వైపు ఒకటి వరస తప్పి ఉంటుంది. బోర్డుని కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడమే నయం.

చల్లగాలి:
@రేకులషాపు అంటే వెనక రేకు, అడుగు రేకు, పైనా పక్కలా టేకు. ఇక నీకూ నాకూ గొడవేముంది?

రేకులషాపు:
పక్కలు 6 మి.మీ. చేయమను. అప్పుడు గొడవ లేదు.

టీవీకిందపెట్టె:
మావయ్య 6 అంటే మూలల్లో చీలుతుందన్నారు. 8కి బేరం కుదిరింది. ఎత్తు 62 నుంచి 70కి పెంచా, ఫోమ్ గొట్టానికి చోటు కావాలిగా. ఈ రాత్రి పాత చెప్పుల అట్టపెట్టె కోసి మొత్తం డబ్బాకి నమూనా చేశా. బోర్డు పట్టింది, కూలర్ పట్టింది, 24 పిన్నుల దగ్గర డీసీ బోర్డు నిలువుగా నిలబడింది. అడాప్టరు పిన్నుకి వెనక రంధ్రం కూడా పెట్టా.

పవర్ బటన్ మాత్రం ఎక్కడా లేదు.

కూనిరాగం:
అందుకే కొనుక్కోమన్నా.