విజయవాడలో నున్న వైపు 4 సెంట్లు: అడ్వాన్సు ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి?

ఆటోనగర్_కుర్రోడు:
నమస్తే అండీ. పాయకాపురం దాటాక, నున్న రోడ్డుకి కాస్త లోపలగా ఓ స్థలం చూశాం. తూర్పు ఫేసింగ్. "200 గజాలు, గజం 20 వేలు" అంటున్నాడు బ్రోకరు. కాగితాల్లో 4 సెంట్లని ఉంది. మా మావయ్య వాస్తు చూసి సరేనన్నారు, ఆయనకి అది చాలు. ఆదివారంలోగా లక్ష ఇవ్వకపోతే హైదరాబాద్ పార్టీ ఎగరేసుకుపోతుందట. ఇల్లు కట్టుకోడానికే, అమ్ముకోడానికి కాదు. ఏమేం చూసుకోవాలి?

సింగ్‌నగర్_అక్క:
తమ్ముడూ, ఆ హైదరాబాద్ పార్టీ 2011లో మేం కొన్నప్పుడు కూడా ఉంది. ఇంకా కొనలేదన్నమాట పాపం.

మా కాగితాలు కడిగిన ముత్యాలు. పాత యజమానుల నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లు, స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ, లాయరు మాట, అన్నీ ఉన్నాయి. చూడనిది ఒక్క నేలనే. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం వెళ్ళాం, పలకలా ఎండి ఉంది. సంబరపడిపోయాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వచ్చింది. పొద్దున గుమ్మంలో నీళ్ళు, మధ్యాహ్నానికి ఫ్రిజ్ తేలింది. ఐదు రోజులు మేడ మీదే. డ్రోన్లు తెచ్చి పడేసిన పొట్లాలు తిన్నాం.

నువ్వు ఆ వీధిలో చుట్టుపక్కల ఇళ్ళు చూడు. రంగులేసినా గోడ మీద చెమ్మ గీత దాగదు. కరెంటు మీటరు ఎంత ఎత్తున ఉందో చూడు. కొత్తగా పైకి జరిపిన మీటరు కనిపించిందా, నీళ్ళు వచ్చినట్టే. అడిగితే ఆడవాళ్ళనే అడుగు. మగాళ్ళు రేటు పడిపోతుందని నోరు విప్పరు.

దస్తావేజు_బాబాయ్:
ముందు లెక్క చూసుకో నాయనా. సెంటుకి 48.4 గజాలు. 4 సెంట్లంటే 193.6. మిగతా 6.4 గజాలు గాల్లో ఉన్నాయి, వాటికి నువ్వు కట్టేది 1 లక్షా 28 వేలు.

ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. అయినా ఈసీలో రిజిస్టరైనవే కనబడతాయి. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నది కనబడదు. అమ్మేవాళ్ళకి పిత్రార్జితం అయితే అక్కచెల్లెళ్ళ సంతకాలు అడుగు. "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అంటారు. ఆ మాట కోర్టులో నిలబడదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు, అది ముందే చూసుకో. ఎల్పీ నంబరు, అంటే లేఔట్ పర్మిషన్ నంబరు, లేని లేఔట్ అయితే ప్లాను అప్రూవల్ దగ్గరా, బ్యాంకు లోను దగ్గరా తిప్పుతారు.

పునాది_మేస్త్రి:
పైన ఎర్ర గ్రావెల్ చూసి మోసపోవద్దు. అది తోలింది. జేసీబీతో ఆరడుగులు తీయించండి, కింద నల్లరేగడి తగిలితే ఎండకి నెర్రెలిస్తది, వానకి ఉబ్బుద్ది. మామూలు పునాది వేస్తే రెండేళ్ళలో గోడలు చీలతాయ్. అండర్ రీమ్డ్ పైల్సు, అంటే అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, లోతుగా వేయాలి. ఆ ఖర్చు కలుపుకుని గజం రేటు లెక్కేసుకోండి.

ఆటోనగర్_కుర్రోడు:
వెళ్ళొచ్చానండీ, టేపు పట్టుకుని. పక్కింట్లో మీటరు కిటికీ పైన ఉంది! బామ్మగారు మజ్జిగ ఇచ్చి, "ఈ మూల పంట బోదె ఉండేది బాబూ, మట్టి పోసి పూడ్చేశారు" అన్నారు. బ్రోకరు ఇందాక ఫోన్ చేశాడు. హైదరాబాద్ పార్టీ వెనక్కి తగ్గిందట, 18కి ఇప్పిస్తాడట. బాబాయ్, బోదె సంగతి కాగితాల్లో ఎక్కడ దొరుకుతుంది?

దస్తావేజు_బాబాయ్:
ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతల పటం, దాని నకలు తీయించు. సచివాలయంలో సర్వేయరుని అడుగు. బోదె గనక ప్రభుత్వానిదిగా గీసి ఉంటే 18 కాదు, 8కి ఇచ్చినా వద్దు.

సింగ్‌నగర్_అక్క:
మజ్జిగ ఇచ్చిన బామ్మగారికి ఓ డజను అరటిపళ్ళు పట్టుకెళ్ళు తమ్ముడూ.